చెరువుల కొర్రమట్టకు, తీర్థన్ ట్రౌట్‌కు ఒక్కటే ఫ్లై రాడ్ సరిపోతదా? కెమెరా సంగతి కూడా చెప్పండి

వడ్డేపల్లి_గట్టు (ప్రశ్న)

అందరికి నమస్తే. ఉండేది హనుమకొండ. మామూలు గాలం, స్పిన్నింగ్ రాడ్ వాడకం వచ్చు, ఫ్లై ఫిషింగ్ మాత్రం కొత్త. వానలు పడ్డంక సంఘం అనుమతి తీసుకొని ఇక్కడి చెరువుల్ల కొర్రమట్ట, జిలేబి పట్టాలె. వచ్చే ఏప్రిల్‌ల హిమాచల్ తీర్థన్ లోయకు పోవాలె. రెండింటికీ కలిపి ఒక్క రాడ్ కొందామని ఆలోచన. దుకాణం వాళ్లు 9 అడుగుల 5 వెయిట్ తీసుకోమంటున్నరు. అది కొర్రమట్టకు ఆగుతదా?

రెండోది, కట్ట మీద వెనకంతా తాటిచెట్లు, సర్కారు తుమ్మలే. లైన్ వెనక్కి విసిరే జాగ ఉండది. ఏం చేయాలె?

మూడోది ఫొటోలు. ఏపీఎస్‌-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్న చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ కెమెరా, 18-55, 55-210 లెన్సులు ఉన్నయి. లైన్ గాలిలో చుట్ట తిరిగేది ఫొటోల అస్సలు కనబడ్తలేదు. చేపను పట్టుకొని తీస్తే పొలుసు అంతా తెల్లమచ్చ లెక్క పడుతున్నది. సెట్టింగులతో సహా చెప్తే మేలు. ఇవన్నీ ప్రయాణంల ఎట్ల సర్దుకోవాలె అనేది కూడా.

—

మత్తడి_దూకుడు

అన్నా, ఒక్క 5 వెయిట్‌తో రెండు పనులు కావు. కారణం తెలిస్తే కొనేటప్పుడు ఎవరు ఏం చెప్పినా అయోమయం ఉండదు.

స్పిన్నింగ్‌ల ఎర బరువు సన్నటి దారాన్ని గుంజుకపోతది. ఫ్లై అంటే హుక్‌కు ఈకలు, దారం చుట్టి చేసే ఎర, దానికి బరువే ఉండదు, లైన్ బరువే ఫ్లైని మోసుకపోతది. రాడ్ మీద రాసే నంబరు ఆ లైన్ మొదటి 30 అడుగుల బరువుకు గుర్తు. 5 అంటే 140 గ్రెయిన్లు, అంటే దాదాపు 9 గ్రాములు. 8 అంటే 210 గ్రెయిన్లు, పదమూడున్నర గ్రాములు. కొర్రమట్టకు కట్టే పాపర్ (1/0 సైజు పెద్ద హుక్ మీద చేసే, నీళ్ల మీద తేలుతూ టప్పుమనే ఫ్లై) గాలికి అడ్డం పడే వస్తువు. 9 గ్రాముల లైన్ దాన్ని చివరిదాకా తిప్పలేదు. లీడర్ (లైన్ కొసకు, ఫ్లైకి నడుమ కట్టే సన్నటి దారం) మధ్యలోనే కుప్పపడి, ఫ్లై మీకు 10 అడుగుల దూరంలనే రాలుతది. మీ విసురుడు తప్పనుకొని ఇంకా బలంగా విసురుతరు, అప్పుడు మరింత చెడుతది.

ఇంకో కారణం. కొర్రమట్ట పడ్డంక చేసే మొదటి పని తామర తూండ్ల కిందికో, గుర్రపు డెక్క కిందికో దూరుడు. మొదటి రెండు మూడు సెకన్లల దాని తల ఇటు తిప్పకపోతే చేప పోయినట్టే. 5 వెయిట్ రాడ్ పిడి దాకా వంగుతది గానీ తల తిప్పదు. కొర్రమట్టకు 9 అడుగుల 8 వెయిట్ కావాలె. జిలేబికి, పరకలకు, ట్రౌట్‌కు 5 వెయిట్. మధ్యల 6 గానీ 7 గానీ కొని సర్దుకోమనేవాళ్లు ఉంటరు, నేనైతే వద్దంట. అది ట్రౌట్‌కు మొరటు, పాపర్‌కు తక్కువ. పైసలు ఒక్కదానికే ఉంటే 5 కొనండి, ఇక్కడ జిలేబి మీద చేయి కుదురుతది, ఏప్రిల్‌ల అదే పనికొస్తది. కొర్రమట్టను అప్పటిదాకా స్పిన్నింగ్ రాడ్‌తో రబ్బరు కప్ప వేసి పట్టుకోండి.

లైన్ కొనేటప్పుడు ఒకటి చూడాలె. చల్లటి నీళ్లకు చేసిన లైన్ పూత మెత్తగ ఉంటది. మన ఎండకు అది ఇంకా మెత్తబడి జిగురు పట్టి, రాడ్ రింగులల్ల జారదు. ఉష్ణమండల లైన్ అని అమ్మేది గట్టిగ ఉంటది. అదే లైన్ హిమాచల్ మంచునీళ్లల్ల స్ప్రింగు లెక్క చుట్టలు చుట్టుకుంటది. అందుకే 8 మీద ఉష్ణమండల లైన్, 5 మీద మామూలు లైన్. ఎండాకాలం రీల్‌ను బండి డిక్కిలనో, కారులనో వదిలిపెట్టొద్దు.

కొర్రమట్టకు అంగడిల దొరికే సన్నటి మొనదేలిన లీడర్ అక్కర్లేదు. 0.60 మిల్లీమీటర్ల నైలాన్ 3 అడుగులు, 0.50ది 2 అడుగులు, 0.45ది 2 అడుగులు, బ్లడ్ ముడితోని కలుపుకుంటే 7 అడుగుల లీడర్ తయారు. ఫ్లోరోకార్బన్ వద్దు, అది మునిగి పాపర్ ముక్కును కిందికి గుంజుతది. ఫ్లైని బిగించి కట్టకుండా చిన్న లూప్ ముడి వేస్తే పాపర్ తల ఊపుతది. కొర్రమట్ట పట్టినంక చివరి అరడుగు వేలితో తడిమి చూడాలె. పండ్ల గీత తగిలి గరుకు తేలితే కోసి మళ్ల కట్టుడే, బద్ధకిస్తే తర్వాతి చేప తెంపుకపోతది.

పాపర్ ఇంట్లనే చేసుకోవచ్చు. పాత హవాయి చెప్పు రబ్బరు ఉంటది కదా, దాన్ని 10 మిల్లీమీటర్ల మందం, 15 మిల్లీమీటర్ల పొడవు గుండ్రంగ కోసి, మూతి వైపు కొంచెం గుంట చేయాలె. వెడల్పు నోరున్న 1/0 హుక్‌కు దారం దట్టంగా చుట్టి, దాని మీద జిగురుతోని రబ్బరు ఎక్కించాలె. చుట్టకుండ ఎక్కిస్తే రెండు చేపలకే రబ్బరు గిర్రున తిరుగుతది. తోకకు నాటుకోడి పుంజు మెడ ఈకలు, పక్కకు రెండు రబ్బరు కాళ్లు. హుక్ మొన ముందు 0.45 నైలాన్‌ను వంపు తిప్పి కట్టితే నాచు తగులుకోదు. జింక వెంట్రుకలతో కట్టే పాపర్లు విదేశీ వీడియోలల్ల చూస్తరు. ఇక్కడ అడవి జంతువుల వెంట్రుకలు, ఈకలు ఎవరన్న ఇస్తామన్నా తీసుకోవద్దు, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద కేసు అయితది.

ఇగ పట్టుడు. కొర్రమట్ట గాలి పీల్చే చేప, కొద్ది నిమిషాలకోసారి పైకొచ్చి గుటుక్కుమని పోతది. ఆ వలయం మీద ఫ్లై వేయొద్దు, బెదురుతది. వలయానికి ఐదారు అడుగులు అవతల వేసి, ఒకసారి టప్పుమనిపించి, వలయాలన్నీ సద్దుమణిగేదాక ఆగాలె. ఆగుడు కాడనే చాలామంది ఓడిపోతరు. నీళ్లు పగిలినంక ఒక్క క్షణం ఓర్చి, రాడ్‌ను నీళ్ల వైపే ఉంచి, ఎడమ చేత్తోని లైన్‌ను గట్టిగ వెనక్కి గుంజాలె. ట్రౌట్‌కు లేపినట్టు రాడ్ పైకి లేపితే మెత్తటి రాడ్ కొన వంగుతది గానీ హుక్ ఆ గట్టి దవడల దిగదు.

వానాకాలం ఎర్రటి పిల్లల గుంపు బుడబుడమని పైకొచ్చే చోట తల్లీతండ్రీ కింద కావలి ఉంటయి. అక్కడ ఏది వేసినా మీద పడతయి, ఎందుకంటే అవి తినుడు కాదు, కాపలా. వాటిని తీస్తే నిమిషాలల్ల ఆ పిల్లలను వేరే చేపలు మింగుతయి. ఆ గుంపు కనబడితే అక్కడి నుంచి నడిచిపోండి. ఈ మాటలో మొహమాటం లేదు.

—

శికం_భూమి

పైన చెప్పిన లైన్, లీడర్ లెక్కలు సరిగ్గ ఉన్నయి. కట్ట మీద విసురుడు గురించి నేను చెప్త.

కట్టకు ఎదురుగ నిలబడి చెరువు మధ్యలకు విసరాలనుకోవుడే తప్పు. వెనక లైన్ నేరుగ తుమ్మకు పోతది. ఆ ముళ్లు లైన్ పూతను చీరుతయి, చీరిన చోట నీళ్లు లోపలికి పట్టి లైన్ కొస మునుగుతది. ఎట్లాగూ కొర్రమట్ట మధ్యల ఉండది. కట్ట రాళ్ల అంచుకే, తూము పక్కకే, నాచు మొదలయ్యే గీత మీదనే ఉంటది. కాబట్టి కట్ట వెంబడే విసరాలె. కుడిచేతి వాటమైతే నీళ్లు మీ కుడివైపు ఉండేటట్టు కట్ట దిగువన నిలబడండి. అప్పుడు వెనక లైనూ, ముందు లైనూ రెండూ నీళ్ల మీదనే పోతయి, ఫ్లై అంచుకు రెండు మూడు అడుగుల అవతల పడుతది. ఎడమచేతి వాటానికి ఇదే తిరగేసి. గాలి కుడి నుంచి కొడుతుంటే లైన్ మీ మొఖం మీదికే వస్తది, ఆ పూట చెరువు అవతలి కొసకు పోవుడు మంచిది. కళ్లద్దాలు, టోపీ లేకుండ ఫ్లై రాడ్ పట్టొద్దు.

అంత జాగ కూడా లేకుంటే రోల్ కాస్ట్. లైన్ 25, 30 అడుగులు నీళ్ల మీద పరిచి ఉంచాలె. రాడ్‌ను తొందర లేకుండ చెవి వెనకదాక తెచ్చి, మొత్తానికి ఆపాలె. లైన్ మీ భుజం పక్కన విల్లు లెక్క వేలాడినంక ఒక్క విసురుతోని ముందుకు కొట్టి, నుదురు ఎత్తుల ఆపాలె. నీళ్లు లైన్‌ను పట్టుకుంటేనే ఇది పని చేస్తది, అందుకే గడ్డి మీద నేర్చుకుంటే రాదు. మామూలు కాస్ట్ మాత్రం ముందు ఆటస్థలంలనే నేర్చుకోవాలె, హుక్ లేకుండ ఎర్ర ఉన్ని ముక్క కట్టి, రోజుకు 20 నిమిషాలు. వెనక లైన్ పూర్తిగ సాగేదాక ఆగక తొందరపడితే చెర్నాకోల చప్పుడు వస్తది. ఆ చప్పుడు వచ్చిందంటే చెరువు కాడ ఫ్లై తెగి పోయేదన్నట్టు.

కట్ట రాళ్ల సందుల లైన్ చుట్టలు ఇరుక్కుంటయి. నడుముకు చిన్న ప్లాస్టిక్ టబ్బు కట్టుకొని గుంజిన లైన్‌ను అందులనే వేసుకోండి. అడుగుకు నాలుగు బొక్కలు కొట్టి ఒక్కొక్క దాంట్ల రెండించుల నైలాన్ ముక్క నిలబెడితే లైన్ చిక్కుపడది.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైనది. మన చెరువు కట్టల వెంట మోటర్లకు పోయే కరెంటు తీగలు చాలా చోట్ల కిందికి జారి ఉంటయి. రాడ్ కార్బన్, కరెంటు పాస్ అయితది. 9 అడుగుల రాడ్ చేయెత్తి పట్టుకుంటే దాని కొన దాదాపు 16 అడుగుల ఎత్తుకు పోతది. తీగ కనబడితే ఆ చోటు వదిలేసుడే, 'పక్కకు విసురుత' అనే మాట లేదు. ఉరుము వినబడ్డా అంతే, రాడ్ కింద పెట్టి కట్ట దిగాలె.

చెరువుల దిగి నడవొద్దు. మిషన్ కాకతీయల పూడిక తీసినప్పుడు, ఇటుకబట్టీలకు మట్టి తవ్వినప్పుడు శికంల (చెరువు ముంపు నేలల) లోతు గుంతలు పడ్డయి. మోకాటి లోతు నీళ్ల పక్కనే నిలువు లోతు ఉంటది, పైకి తెల్వదు.

అనుమతి సంగతి: చాలా చెరువుల చేపల హక్కు ఆ ఊరి మత్స్య సహకార సంఘానిది. అధ్యక్షుణ్ని కలిసి, ఏ రోజు, ఎన్ని గంటలకు, పట్టినవి వదిలిపెడతరా తీసుకపోతరా అన్నది ముందే మాట్లాడుకోండి. రవ్వ, బొచ్చె వాళ్లు పెంచుకున్న చేపలు, పడితే చేప వాళ్లదే. రాత్రి కట్టిన వలలు తెల్లారిదాక ఉంటయి. ఫ్లై వలకు తగులుకుంటే వల కోయొద్దు, లీడర్ కోసుకోండి. పాకాల చెరువు అభయారణ్యంల ఉన్నది, అక్కడికి గాలం, రాడ్ పట్టుకొని పోవద్దు, కెమెరా మాత్రమే. ఏటూరునాగారం అభయారణ్యం హద్దులల్ల కూడా అదే లెక్క.

—

వెలుగునీడ

ఫొటోల ప్రశ్నకు వస్తాను. లైన్ ఫొటోలో పడకపోవడానికి షట్టర్ వేగం ఒక్కటే కారణం కాదు. లైన్ మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. తెల్లటి ఆకాశం ముందు అది ఎప్పటికీ కనబడదు. వెనక చీకటి ఉండాలి, లైన్ మీద వెలుగు పడాలి. నిలబడే చోటు ఎంచుకోవడంతోనే ముప్పావు వంతు పని అయిపోతుంది.

మొదట నీడ సంగతి. ఫొటోకు బాగుంటుందని సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని కట్ట మీద నిలబడతారు. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు, నీటి మట్టానికి 3 మీటర్ల పైన ఉన్న కట్ట మీద 1.7 మీటర్ల మనిషి నిలబడితే, తల నీడ నీటి మీద దాదాపు 27 మీటర్ల దూరం దాకా పోతుంది. అంటే మీరు విసరగలిగిన ప్రతి చోటా మీ నీడే, చేతులు ఊపుతూ. చేప అక్కడ ఎందుకుంటుంది? అదే, కట్ట మీద చెట్లు దట్టంగా ఉండి సూర్యుడు వాటి వెనక ఉంటే అంచు నీళ్లన్నీ చెట్ల నీడలోనే ఉంటాయి. మీ నీడ అందులో కలిసిపోతుంది. ఫొటోకు కావలసింది కూడా సరిగ్గా ఆ చోటే.

కట్ట వంపు తిరిగే మూల వెతకండి. విసిరే మనిషి వంపుకు ఒక పక్క కట్ట మీద, కెమెరా రెండో పక్క కట్ట మీద, మధ్యలో నీళ్లు. అప్పుడు కెమెరాకు లైన్ అడ్డంగా, పూర్తి ఆకారంతో కనిపిస్తుంది. వెనక నీడలో ఉన్న తుమ్మలు నల్లటి తెర అవుతాయి. చెట్ల పైనుంచి జారే ఎండ లైన్ అంచును, దాని నుంచి చిమ్మే నీటి తుంపరను వెలిగిస్తుంది. ఉదయం అయితే తూర్పు వైపు కట్ట, సాయంత్రం అయితే పడమటి కట్ట. ఒక రోజు ముందే ఖాళీ చేతులతో వెళ్లి, ఎండ ఎన్నింటికి చెట్ల మీదికి వస్తుందో చూసుకుంటే మంచిది. ఈ వెలుగు 30, 40 నిమిషాలకు మించి నిలవదు.

మీ 55-210తో 25 మీటర్ల దూరం నుంచి 85 దగ్గర పెడితే ఫ్రేము వెడల్పు 7 మీటర్లు వస్తుంది. మనిషి, రాడ్, చుట్ట మూడూ పడతాయి. 210కి లాగితే 3 మీటర్లు కూడా రాదు, చుట్ట బయటికి పోతుంది. మాన్యువల్ మోడ్, ఎఫ్5.6, 1/1600 సెకను, ఐఎస్ఓ 1600 నుంచి 3200. వెనకంతా నల్లగా ఉంటే కెమెరా మోసపోయి ఫొటోను తెల్లబరుస్తుంది. అందుకే ఆటోలో తీస్తే ఒక స్టాపు (అంటే వెలుగు సగానికి) తగ్గించాలి. ఫోకస్ మనిషి ఛాతీ మీద ఒకసారి పెట్టి మాన్యువల్‌లోకి మార్చేయండి. ఈ దూరంలో, ఈ ఎపర్చర్‌కు 18 మీటర్ల నుంచి 40 మీటర్ల దాకా స్పష్టంగానే ఉంటుంది. ఆటోఫోకస్‌ను వదిలేస్తే అది లైన్ వెంటో, తుమ్మకొమ్మ వెంటో పరిగెడుతుంది.

సైలెంట్ షట్టర్ ఆపేయండి. ఎలక్ట్రానిక్ షట్టర్ ఫ్రేమును పై నుంచి కిందికి వరుసగా చదువుతుంది, ఆ లోపు రాడ్ కదిలిపోయి విరిగిన కర్రలా వంకరగా పడుతుంది. మెకానికల్ షట్టర్‌తో వరుస షాట్లు, వెనక లైన్ సాగి రాడ్ ముందుకు కదిలిన క్షణం నుంచి మొదలుపెట్టాలి. చుట్ట సగం దూరం పోయినప్పటి ఫ్రేమే బాగుంటుంది. లైన్ రంగు కూడా లెక్కే. నిమ్మపసుపు, నారింజ కనబడతాయి, బూడిద, ఆకుపచ్చ లైన్లు చెట్లలో కలిసిపోతాయి.

చేప ఫొటోలో తెల్లమచ్చ ఎందుకంటే, జిలేబి, బొచ్చె పొలుసు చిన్న చిన్న అద్దాల వరుస. ఆకాశాన్ని కెమెరా వైపు తిప్పి కొడుతుంది. చేప వీపును 10, 15 డిగ్రీలు కెమెరా వైపు వంచితే ఆ అద్దాలు ఆకాశాన్ని కాక నీళ్లను చూపిస్తాయి, మచ్చ పోతుంది. ఎండలో అయితే ఎవరైనా గొడుగు అడ్డం పెట్టాలి. నల్ల గొడుగే, రంగు గొడుగు అయితే చేపకు ఆ రంగు అంటుతుంది. ఎక్స్‌పోజర్ మైనస్ 0.7. కొర్రమట్ట విషయంలో తిప్పలు వేరు. నల్లటి వీపు చూసి కెమెరా వెలుగు పెంచుతుంది, తెల్లటి పొట్ట మాడిపోతుంది. దానికీ మైనస్ 0.7 నుంచి ఒకటి. చేతులు ముందుకు చాచి 18 దగ్గర తీస్తే అరకిలో చేప మూడు కిలోలలా కనిపిస్తుంది. అది చూసినవాళ్లెవరూ నమ్మరు. 35 దగ్గర తీయండి.

వదిలిపెట్టే చేప అయితే కెమెరా సిద్ధమయ్యే దాకా చేప నీళ్లలోని వలలోనే ఉండాలి. చేతులు తడిపి, నీటి మీదనే ఒక జానెడు పైకెత్తి, మూడు నాలుగు షాట్లు, మళ్లీ నీళ్లలోకి. అంతా కలిపి 10 సెకన్లు. పొడి చేతులు, కట్ట రాళ్లు జిగురు పొరను ఒలిచేస్తాయి, తర్వాత అక్కడే బూజు పడుతుంది. మొప్పల్లో వేలు పెట్టి వేలాడదీయొద్దు.

పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) గురించి అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న అదే. నీటి మెరుపును అది బాగా కోసేది చూపు నీటి మట్టానికి దాదాపు 37 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు. మీ కన్ను నీటికి 4.5 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ చోటు మీ నుంచి 6 మీటర్ల దూరంలో ఉంటుంది. 30 మీటర్ల అవతల చూస్తే చూపు వాలు 10 డిగ్రీలు కూడా ఉండదు, ఎంత తిప్పినా తేడా పెద్దగా కనబడదు. నీళ్లలో రాళ్లు, నాచు, జిలేబి గుంతలు తీయాలంటే దగ్గరివి, కిందికి చూస్తూ తీయాలి. ఒకటిన్నర స్టాపు వెలుగు తినేస్తుంది కాబట్టి లైన్ ఫొటోలకు మాత్రం తీసి పక్కన పెట్టండి. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకున్నప్పుడు కెమెరాను నిలువుగా తిప్పితే కొన్ని తెరలు నల్లబడతాయి, కెమెరా చెడిపోయిందని కంగారు పడకండి.

—

వడ్డేపల్లి_గట్టు

అన్నలకు మస్తు థ్యాంక్స్. నీడ లెక్క ఎప్పుడూ తట్టలేదు. సరే, ముందు 5 వెయిటే తీసుకుంట. రెండు సందేహాలు: జిలేబికి ఏ ఫ్లై? ఫొటో తీయడానికి పక్కన ఎవరూ లేకుంటే ఏం చేయాలె?

—

మత్తడి_దూకుడు

జిలేబికి 10 లేదా 12 సైజు (1/0 కన్న చాలా చిన్నవి) ఫెజెంట్ టెయిల్ నింఫ్, అంటే నీటి పురుగు పిల్లను పోలిన ఫ్లై, లేకుంటే ఈక తోక ఉండే ఆకుపచ్చ ఊలీ బగ్గర్ ఫ్లై. లీడర్ 9 అడుగులు, కొస 0.20 మిల్లీమీటర్లు. ఫ్లైకి రెండున్నర అడుగుల పైన చిన్న బెండు ముక్క కట్టి, నాచు అంచున వేసి, బెత్తెడు బెత్తెడు గుంజుతూ మధ్యమధ్య ఆగాలె. బెండు మునగదు, పక్కకు జరుగుతది అంతే, అదే పట్టు. మునిగేదాక చూస్తే ఉమ్మేసి పోతది. హుక్ ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేయండి. చేపను వదులుడు సులువు, మీ చెవికి తగిలినా తీసుడు సులువు.

—

వెలుగునీడ

ఒక్కరే ఉంటే టైమర్‌తో స్టిల్స్ వద్దు. రెండు సెకన్లకో ఫొటో తీసే ఇంటర్వల్ పెడితే చుట్ట పడేది నూటికి ఒకటి రెండు. ట్రైపాడ్ మీద 4కె వీడియో, సెకనుకు 60 ఫ్రేములు (మీ కెమెరాలో లేకుంటే 30), షట్టర్ మాత్రం 1/1000 లేదా ఇంకా వేగం. వీడియోగా చూస్తే కుదుపుగా ఉంటుంది, ఉండనీయండి, మనకు కావలసింది అందులోంచి తీసే ఒక్క ఫ్రేము. అది 3840×2160, అంటే 8 మెగాపిక్సెళ్లకు పైనే. 12 అంగుళాల వెడల్పు ప్రింటుకు సరిపోతుంది. ట్రైపాడ్ కాళ్ల మధ్య నీళ్ల సీసా వేలాడదీయండి, కట్ట మీద గాలికి తేలిక ట్రైపాడ్ పడిపోతుంది. కెమెరా మీ విసిరే చేతికి అవతలి పక్కనే ఉండాలి, లేకుంటే మొదట పడే చేప లెన్సే.

దోమల క్రీము గురించి ఒక హెచ్చరిక. డీట్ ఉన్న క్రీము ఫ్లై లైన్ పూతను, కెమెరా పట్టు రబ్బరును మెత్తబరిచి జిగురు చేస్తుంది. మోచేతుల పైనా, మెడకూ రాసుకుని, అరచేతులు సబ్బుతో కడుక్కున్నాకే సామాను ముట్టుకోండి.

—

కాజీపేట_జంక్షన్

ప్రయాణం సంగతి మిగిలింది, అది నేను చెప్త.

9 అడుగుల 4 ముక్కల రాడ్ ఒక్కో ముక్క 28 అంగుళాలు వస్తది, గొట్టం 30, 31 అంగుళాలు. రైలుల అయితే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలనే ఎక్కొచ్చు. గొట్టాన్ని కింది బెర్త్ అడుగున పెట్టె పిడికి కట్టేయండి, లేకుంటే దొర్లి ఇంకోరి సామాను కిందికి పోతది. విమానంల క్యాబిన్ సంచి పొడవు మామూలుగ 55 సెంటీమీటర్లు, గొట్టం పట్టది. హుక్కులు, కత్తెర, ప్లేయర్ కూడ చెకిన్ సంచిలనే. దానికి తిరుగుడు కెమెరా బ్యాటరీలు, పవర్ బ్యాంకు. అవి చేతి సంచిలనే ఉండాలె, చెకిన్‌ల పెట్టొద్దు. 100 వాట్ అవర్ల లోపు అయితే అనుమతి అడిగే పని లేదు. పవర్ బ్యాంకు లెక్క: మిల్లీ ఆంప్ అవర్లను 3.7తో గుణించి వెయ్యితో భాగించాలె. 20,000 పవర్ బ్యాంకు 74 అవుతది, ఇబ్బంది లేదు.

తీర్థన్‌కు ఢిల్లీ నుంచి మనాలి బస్సు ఎక్కి ఔట్ కాడ దిగి, బంజార్ వైపు పోయే బండి పట్టాలె. హిమాచల్‌ల ట్రౌట్ పట్టుడు నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరిదాక బంద్ ఉంటది. మిగతా రోజులల్ల మత్స్యశాఖ లైసెన్సు కావాలె. అక్కడి గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు హద్దు లోపల లెక్క వేరు కాబట్టి, లైసెన్సు తీసుకునేటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడిదాక అన్నది అడిగి రాసుకోండి.

ఏప్రిల్‌ల పగటి ఎండకు మంచు కరిగి సాయంత్రానికి నది పెరిగి మసక బారుతది. రాత్రి చలికి కరుగుడు ఆగుతది, పొద్దుగాల నీళ్లు తక్కువగ, తేటగ ఉంటయి. పొద్దున 11 లోపలే పని చూసుకోవాలె. 12 నుంచి 16 సైజు నింఫులు, కొస 4ఎక్స్ లేదా 5ఎక్స్, అంటే 0.18, 0.15 మిల్లీమీటర్లు. దిగువ నుంచి ఎగువకు నడవండి, ట్రౌట్ ముఖం పారే నీళ్లకు ఎదురుగ ఉంటది, మీరు దాని వెనక ఉంటరు. చెరువుల వాడిన బూట్లు, వల పోయే ముందు సబ్బుతో కడిగి ఎండకు గలగలలాడేదాక ఆరబెట్టండి. ఇక్కడి బురద, నాచు, రోగాలు అక్కడి నదికి మోసుకపోవద్దు.

పారే నీళ్ల ఫొటో తీసుడు ఇక్కడే అలవాటు చేసుకోవాలంటే ఆగస్టు, సెప్టెంబర్‌ల వాజేడు కాడ బొగత జలపాతానికి పొండి. రాడ్ వద్దు, కెమెరా ట్రైపాడ్ చాలు. 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) వేసి, అర సెకను. 2 సెకన్లకు పోతే నీళ్లు దూది లెక్క అయి ఆకారం పోతది. పోలరైజర్ తడి రాళ్ల మెరుపు తీసేస్తది, అక్కడ దానికి మించిన ఫిల్టర్ లేదు. తుంపర పడుతనే ఉంటది, లెన్సుకు హుడ్ పెట్టి, జేబుల నాలుగు పొడి బట్టలు ఉంచుకోండి. ఒక్కటే ఉంటే పది నిమిషాలల్ల తడిసి, తుడిచిన కొద్దీ మరక అయితది.

వానాకాలం ఏసీ గదిల ఉన్న కెమెరాను నేరుగ బయటికి తీస్తే అద్దం మీద ఆవిరి పట్టుతది. సంచి జిప్పు తీయకుండ అరగంట బయట ఉంచి, తర్వాత తెరవాలె. ఇంటికొచ్చినంక బీరువాల తోలు సంచిల పెట్టకండి, ఫంగస్ అక్కడనే మొదలయితది. రబ్బరు మూత ఉన్న 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, 200 గ్రాముల నీలం సిలికా జెల్, చిన్న తేమ మీటరు, ఇవి చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలె. 60 దాటితే లెన్సుకు ముప్పు, 30 కన్న తగ్గితే రబ్బరు ఎండుతది. జెల్ గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌ల 120 డిగ్రీల కాడ రెండు గంటలు పెట్టాలె, మళ్ల నీలం అయితది. ఫ్లైల డబ్బా మాత్రం అండ్ల పెట్టకుండ, మూత తీసి ఒక రాత్రి ఫ్యాను కింద ఆరనీయండి. తడి ఫ్లై ఒక్కటి లోపల ఉన్నా వారం తిరిగేసరికి పక్కన ఉన్న హుక్కులన్నీ తుప్పు పడతయి.